ఒక యేటి వాణిజ్య సర్టిఫికెట్టు: వెలయు విలువయు

ఏటేట ఇంటర్మీడియెట్ పరీక్షాఫలితములు వెలువడు దినములలో, పూర్వము మా పాఠశాలయందు చదివిన బాలబాలికల తలిదండ్రులు కొందఱు సలహా నడుగ మాయొద్దకు వచ్చుట వాడుక. అట్లు వచ్చినవారిలో ఒకాయన దర్జీపని చేసి సంసారము నీదుచున్నవాడు. ఆయనకు ఇద్దఱు బిడ్డలు. పెద్దది కుమార్తె, కుమారుడు దానికంటె ఏడాది చిన్నవాడు. కుమార్తె సి.ఇ.సి. చదివి మంచి మార్కులతో కృతార్థురాలైనది. "అయ్యా! అమ్మాయిని కళాశాలలో ఒక్క యేడు చదివించి, సర్టిఫికెట్టు పుచ్చుకొని మాన్పింతును. ఏ దుకాణములోనైన లెక్కలు వ్రాసికొనును. మిగిలిన సొమ్ముతో పిల్లవానిని మూడేండ్లును చదివింపవచ్చును. ఒక్క యేట పని యగునపుడు ఆడుపిల్లకు మూడేండ్లేల?" అని యాయన యడిగెను.

మేము వెంటనే బదులు చెప్పలేదు. ఆ ప్రశ్నలో సగము డబ్బునకు సంబంధించినది, సగము న్యాయమునకు సంబంధించినది. రెండవ సగమును గూర్చి ఉపన్యసించుట సులభమే కాని, ఇల్లు గడుపువానికి మొదటి సగము తేలనిదే రెండవది చెవి కెక్కదు. కావున ఒక కాగితమును కలమును దీసికొని ఆయనతోఁ గూడ లెక్క కట్టితిమి. ఆ లెక్కను ఇచట వివరింప నెంచినారము. నేడు పదవ తరగతిలో నున్న విద్యార్థులకు రెండేండ్లలో ఈ ప్రశ్నయే యెదురగును గదా!

సర్టిఫికెట్టన నేమి?

మన దేశమున వాణిజ్యవిద్య కళాశాలలలోఁ బ్రవేశించి నూఱేండ్లు దాటినది. బొంబాయి నగరమున 1913 వ సంవత్సరమున స్థాపింపబడిన సిడెన్‌హామ్ కళాశాల ఇందుకు మార్గదర్శకము. చిరకాలము బి.కాం. చదువులో మూడేండ్లును ముగించినవారికే పట్టము. నడుమ మానినవారికి మిగులునది మార్కుల కాగితము మాత్రమే. తండ్రి మరణించుట చేతనో, పంట పోవుట చేతనో రెండవ యేట చదువు మానినవాడు, ఒక్కనాడును కళాశాల మెట్లెక్కనివానితో సమానముగా నెంచబడుచుండెను.

2020 వ సంవత్సరపు జాతీయ విద్యావిధానము ఈ లోపమును దిద్ద నెంచినది. దాని ననుసరించి విశ్వవిద్యాలయ నిధుల సంఘమువారు 2022 డిసెంబరులో ఒక ప్రణాళికను బ్రకటించిరి. ఇందు చదువును 'క్రెడిట్ల'తోఁ గొలుతురు. పదునైదు వారముల యర్ధసంవత్సరమున వారమునకు ఒక గంట చొప్పున వినిన పాఠము ఒక క్రెడిట్టు. మొదటి యేట 40 క్రెడిట్లు సంపాదించి, వేసవి సెలవులలో 4 క్రెడిట్ల వృత్తివిద్యను గూడ ముగించి, అంతటితో మానదలచినవారికి సర్టిఫికెట్టు నిత్తురు. రెండేండ్లకు 80 క్రెడిట్లతో డిప్లొమా, మూడేండ్లకు 120 క్రెడిట్లతో పట్టము, నాలుగేండ్లకు 160 క్రెడిట్లతో ఆనర్సు పట్టము నేర్పరచబడినవి. సర్టిఫికెట్టుతో వెడలినవారు మూడేండ్లలోపల మరల చేరవచ్చును; మొత్తముమీద ఏడేండ్లలోపల పట్టము ముగింపవలెను. సంపాదించిన క్రెడిట్లు 2021 లో ఏర్పడిన క్రెడిట్ల నిధిలో విద్యార్థి పేరిట నిలువయుండును. అయితే ఈ యేర్పాటు అన్ని విశ్వవిద్యాలయములందును ఒక్కరీతిగా నమలులో నుండునని తలఁపరాదు. చేరకముందే కళాశాలవారి నడిగి తెలిసికొనవలెను.

ఇచట నొక హెచ్చరిక యవసరము. బజారు వీధిలో బల్ల వ్రేలాడదీసి, 'వాణిజ్య సర్టిఫికెట్టు' నిత్తుమని ప్రకటించు శిక్షణాలయములు వేఱు; విశ్వవిద్యాలయము వేఱు. 1956 వ సంవత్సరపు విశ్వవిద్యాలయ నిధుల సంఘపు చట్టము ప్రకారము పట్టము నొసంగు నధికారము, చట్టముచే నేర్పడిన విశ్వవిద్యాలయములకును, అట్లు గుర్తింపుఁ బొందిన సంస్థలకును మాత్రమే కలదు. ప్రైవేటు శిక్షణాలయములో నేర్చిన పని మంచిదే కావచ్చును. కాని దానిని పట్టమునకు మెట్టుగాఁ జేసికొన వచ్చునని నమ్మి చేరుట పొరపాటు.

ఇఁక సర్టిఫికెట్టు తెఱవని తలుపులేవో చూతము. సివిలు సర్వీసు పరీక్షకును, బ్యాంకు అధికారి పరీక్షకును, బ్యాంకు గుమాస్తా పరీక్షకును, మన రెండు రాష్ట్రముల గ్రూపు-1, గ్రూపు-2 పరీక్షలకును పట్టము కావలెను. బి.ఇడి. లోఁ జేరుటకును, ఐసెట్ వ్రాసి ఎం.బి.ఏ. లోఁ బ్రవేశించుటకును పట్టమే కావలెను. ఈ ద్వారములకడ ఒక యేటి సర్టిఫికెట్టు గలవాడును, కేవలము ఇంటర్మీడియెట్ చదివినవాడును ఒక్కటే. చార్టర్డ్ అకౌంటెంటు పరీక్షలో, నూటికి 55 మార్కులు తెచ్చుకొనిన వాణిజ్య పట్టభద్రుడు మొదటి మెట్టగు ఫౌండేషను పరీక్షను వ్రాయ నక్కఱలేకయే రెండవ మెట్టు నెక్కవచ్చును. సర్టిఫికెట్టునకు ఆ మన్నన లేదు.

వెల యెంత?

వెల యనగనే అందఱును కళాశాల రుసుమును దలఁతురు. దర్జీగారును అట్లే తలంచిరి. కాని రుసుము వెలలో నొక భాగము మాత్రమే. 1961 లో థియొడోర్ షుల్ట్‌జ్ అను అర్థశాస్త్రజ్ఞుడును, 1964 లో గేరీ బెకర్ అను ఆయనయును విశదపరచినట్లు, చదువు ఒక పెట్టుబడి. ఆ పెట్టుబడిలో, చదువు కాలమున సంపాదింపక వదలుకొనిన కూలి ముఖ్యమైన భాగము. ఈ కృషికి ఇతర కారణములతోఁ బాటు వీరిరువురకును క్రమముగా 1979, 1992 సంవత్సరములలో నోబెలు బహుమానము లభించినది.

ఇచట లెక్కకొఱకు కొన్ని మొత్తముల ననుకొందము. ఇవి ఏ యూరి ధరలును గావు. చదువరులు తమ యూరి ధరలను వీనికి బదులుగా వేసికొనవలెను. రుసుము 20,000 రూపాయలు; పుస్తకములును పరీక్ష రుసుమును 6,000; బస్సు ఖర్చు 9,000. వెరసి 35,000. చేతినుండి పోవు సొమ్మింతే. కాని యా బాలిక చదువక దుకాణములో చేరినచో నెలకు 8,000 వచ్చుననుకొందము. పని దొరకుటకు రెండు నెలలు పట్టినను, పది నెలలకు 80,000. ఇది కంటికిఁ గనబడని ఖర్చు. రెండును గలిపిన ఒక్క యేటి చదువు వెల 1,15,000 రూపాయలు. రుసుము అందులో ఆఱవ వంతునకంటెఁ గొంచెము మాత్రమే యెక్కువ!

దీనినుండి రెండు సంగతులు బోధపడును. మొదటిది: ప్రభుత్వమువారు రుసుము తిరిగి యిచ్చినను, ఉపకారవేతన మొసగినను చదువు ఉచితము గాదు, వదలుకొనిన కూలి మిగిలియే యుండును. రెండవది: రుసుము కొంత తక్కువయని దూరపు కళాశాలలోఁ జేర్చి, రోజునకు నాలుగు గంటలు బస్సులో గడపించినచో, సాయంకాలము ఒక చిన్న పని చేసికొను నవకాశము పోవును. రుసుములో మిగిలినది కాలములోఁ బోవును.

విలువ యెంత?

సర్టిఫికెట్టు వలన నెలకు 1,500 రూపాయలు హెచ్చు జీత మొచ్చుననుకొందము. ఏడాదికి 18,000. వడ్డీ మాట తలపెట్టకున్నచో 1,15,000 తిరిగి వచ్చుటకు ఆఱేండ్ల ఐదు నెలలు పట్టును. నెలకు 3,000 హెచ్చు వచ్చినచో మూడేండ్ల రెండు నెలలు చాలును. ఏమియు హెచ్చు రానిచో ఎన్నడును తిరిగి రాదు. కాబట్టి సర్టిఫికెట్టు మంచిదా చెడ్డదా యని యడుగుట కంటె, దాని వలన జీతము నెల కెంత పెరుగునని యడుగుటయే సరియైన ప్రశ్న.

ఇఁక వడ్డీని గలుపుదము. ఏడాదికి నూటికి 10 వంతున లెక్కించినచో, 1,15,000 కు మొదటి యేటి వడ్డీయే 11,500. వచ్చిన 18,000 లో అసలునకుఁ జెల్లునది 6,500 మాత్రమే. ఇట్లు సాగగా అప్పు తీరునది పదునొకండవ యేట. నెలకు 3,000 హెచ్చు వచ్చినచో నాలుగేండ్లు దాటగనే తీరును. జీతపు పెరుగుదల రెండింతలైనంతనే కాలము సగముకంటెను తక్కువకు దిగుట గమనింపుడు. మన పల్లెలలో వాడుకయగు నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ యైనచో సంగతి ఘోరము. చేతినుండి పోయిన 35,000 మాత్రమే అప్పుచేసినను, ఏడాది వడ్డీ 8,400 అగును. చదివిన పిల్ల హెచ్చుగా దెచ్చు సొమ్ములో రమారమి సగము షావుకారుకే పోవును. బ్యాంకు విద్యాఋణముల విషయమున సైతము, చదువు కాలమున వాయిదాలు కట్ట నక్కఱలేనంత మాత్రమున వడ్డీ నడువదని భ్రమపడరాదు.

అట్లయిన ఆ పెరుగుదల యెంత యుండును? దీనికి అర్థశాస్త్రజ్ఞులు రెండు కారణములను జెప్పుదురు. చదువు చేత పనితనము పెరుగుట యొకటి. చదువు ముగించుట చేత, 'వీడు పట్టుదల గలవాడు, చెప్పినది నేర్వగలవాడు' అని యజమానునకు గుర్తు దొరకుట రెండవది. ఈ రెండవ కారణమును మైఖేల్ స్పెన్స్ అను నాయన 1973 లో వివరించెను; 2001 లో ఆయనకును నోబెలు బహుమానము లభించినది.

మొదటి కారణమును బట్టి చూడుడు. బి.కాం. మొదటి యేట విద్యార్థి సాధారణముగా భాషలను, లెక్కల పద్దుల మూలసూత్రములను, వ్యాపారసంస్థల స్వరూపమును నేర్చుకొనును. ఇవి పునాదిరాళ్లు. ఆదాయపు పన్ను, కంపెనీల లెక్కలు, వ్యయగణనము, ఆడిటు మున్నగునవి సామాన్యముగా పై తరగతులలో వచ్చును. 2017 జూలై 1 వ తేదీన వస్తుసేవల పన్ను అమలులోనికి వచ్చిన పిదప, నమోదు పొందిన ప్రతి వ్యాపారియు గడువు తప్పక లెక్కలు దాఖలు చేయవలసి యున్నది. ఈ పని తెలిసినవారికి గిరాకి కలదు. ఒక యేటి విద్యార్థికి ఇట్టి పనితనము వచ్చుట, ఆ వేసవి 4 క్రెడిట్ల వృత్తివిద్య యేదై యున్నదనుదానిమీద చాలవఱకు ఆధారపడును. అది లెక్కల పనియైనచో సర్టిఫికెట్టునకు బలము వచ్చును. అది నామమాత్రమైనచో సర్టిఫికెట్టును నామమాత్రమే.

రెండవ కారణమును బట్టి చూచిన, మూడేండ్లు ముగించుట పట్టుదలకు గుర్తు. ఒక యేటనే మానుట, న్యాయముగానో అన్యాయముగానో, 'మధ్యలో విడిచినాడు' అను తలంపును గలిగింపవచ్చును. అమెరికా దేశమున జరిగిన పరిశోధనలలో, ఒక్కొక్క యేటి చదువునకు జీతము కొంచెము కొంచెముగాఁ బెరిగినను, పట్టము చేతికి వచ్చిన యేట పెరుగుదల అధికముగా నుండుట కనబడినది. ఆ దేశపు కెంటకీ రాష్ట్రములోని కళాశాలలను గూర్చి 2014 లో ప్రచురితమైన యొక పరిశోధనమున, రెండేండ్ల పట్టములు పొందినవారి సంపాదన బాగుగాఁ బెరిగినట్లును, స్వల్పకాలపు సర్టిఫికెట్లు పొందినవారికి లాభము కలిగినను అది కొద్దిదే యైనట్లును, చదివిన విషయమును బట్టి భేదము చాల యున్నట్లును తేలినది. ఆ దేశపు కూళ్లు మనకుఁ గొలత గావు. కాని పోకడను దెలియ నవి పనికివచ్చును.

మఱియొక మోసమునుండి జాగ్రత్తపడవలెను. సర్టిఫికెట్టు గలవాడు హెచ్చు జీతము దెచ్చుకొనుచున్నాడనిన, అది సర్టిఫికెట్టు మహిమయే కానక్కఱలేదు. చుఱుకైన పిల్లలే చదువులోఁ జేరుదురు. వారు చదువకున్నను కొంత హెచ్చు సంపాదించి యుందురు. కళాశాలల ప్రకటన పత్రములలో ఉద్యోగము దొరకినవారి ఛాయాచిత్రములే యుండును, దొరకనివారివి యుండవు.

ఒకటియా, మూడా?

దర్జీగారు పోల్చఁదలచినది ఒక యేటిని మూడేండ్లతో. మన లెక్కలో మూడేండ్ల వెల రమారమి మూడింతలు, అనగా 3,45,000. సర్టిఫికెట్టు నెలకు 1,500 హెచ్చు తెచ్చునెడల, పట్టము నెలకు 4,500 తెచ్చినచో రెండును సమానము. అంతకంటె హెచ్చు తెచ్చినచో పట్టమే లాభము. నెలకు 6,000 తెచ్చినచో 3,45,000 వడ్డీ లేని లెక్కను అయిదేండ్లలోపలనే తిరిగి వచ్చును. తరువాత ముప్పదియేండ్లకు పైబడిన పనికాల మున్నది గదా! పట్టము తెఱచు ద్వారముల విలువ ఈ లెక్కలో నింకను జేరలేదు.

ఇచటనే మాకు ముఖ్యమని తోఁచిన సంగతి కలదు. సర్టిఫికెట్టు గమ్యస్థానముగాఁ గంటె మెట్లనడుమ నుండు అరుగుగా నెక్కువ విలువ గలది. మూడేండ్లు చదువుదమని చేరిన విద్యార్థికి, దైవవశమున ఇంట కష్టము వచ్చినచో, మొదటి యేడు వ్యర్థము కాకుండ సర్టిఫికెట్టు కాపాడును. మూడేండ్లలోపల మరల చేరుటకు వీలును గల్పించును. ఈ రక్షణకు వేసవి వృత్తివిద్య తప్ప వేఱు వెల లేదు. కాని మొదటినుండియు ఒక్క యేడే యని నిశ్చయించుకొని చేరుట, ఇల్లు కట్టఁబూని పునాదితో నిలిపివేయుట వంటిది.

అయినను సర్టిఫికెట్టే తగినవారును గలరు. తండ్రి దుకాణమును తానే నడుపవలసిన యువకునకు పద్దులు వ్రాయనేర్చిన చాలును. వానికి యజమానుని మెప్పుతో పనిలేదు. ఇదివఱకే పనిలో నుండి, సర్టిఫికెట్టు తెచ్చినచో జీతము పెంతుమని యజమాను డొప్పుకొనినవారికిని లాభమే. వీరు కూలి వదలుకొననక్కఱలేని మార్గమును గూడ విచారింపవలెను. 1982 లో హైదరాబాదున స్థాపితమై, నేడు డాక్టరు బి.ఆర్. అంబేద్కరు పేరఁ బరగుచున్న సార్వత్రిక విశ్వవిద్యాలయము దేశమున నిట్టివానిలో మొదటిది. పని చేయుచునే చదువుకొనువారికి మన లెక్కలోని 80,000 పూర్తిగా మిగులును. అందుకు బదులుగా రాత్రులు నిద్ర తగ్గించుకొని, తమంతట తాము చదువు నిష్ఠ కావలెను. అదియును ఒక వెలయే.

అడుగవలసిన ప్రశ్నలు

సొమ్ము చెల్లింపకముందు కళాశాలవారి నీ ప్రశ్నల నడుగుఁడు. ఈ సర్టిఫికెట్టును ఏ విశ్వవిద్యాలయము ఇచ్చుచున్నది? క్రెడిట్లు విద్యార్థి పేరిట నిధిలోఁ జేరునా? వేసవి వృత్తివిద్య యేది, ఎవరు నేర్పుదురు? గడచిన మూడేండ్లలో నెందఱు చేరిరి, ఎందఱు ముగించిరి, ఎందఱకు పని దొరకినది, ఎంత జీతమునకు? పిమ్మట బజారునకుఁ బోయి, పిల్లలను బనిలోఁ బెట్టుకొను ముగ్గురు యజమానుల నడుగుఁడు: ఇంటర్మీడియెట్ చదివినవాని కెంత, సర్టిఫికెట్టు గలవాని కెంత, పట్టభద్రున కెంత? ఈ మూడంకెలు ఏ ప్రకటన పత్రముకంటెను సత్యమైనవి.

దర్జీగారు ఈ ప్రశ్నలను కాగితముపై వ్రాయించుకొని పోయి, వారము దినములకు మరల వచ్చిరి. బట్టల దుకాణపు యజమాని, ఇంటర్మీడియెట్‌కును సర్టిఫికెట్టునకును ఒక్కటే జీతమనెను. బియ్యపు వర్తకుడు, కాగితము మాకేల, పన్ను లెక్క దాఖలు చేయనేర్చినచో వేయి రూపాయలు హెచ్చిత్తుననెను. ఊరిలో ఆడిటు చేయు నాయన, బి.కాం. చదువు బాలికయైనచో సాయంకాలములందు తన కచ్చేరిలో పని నేర్పుచు కొంత బత్తెము నిత్తుననెను. ఈ మూడు మాటలను ఆయన తన కాగితమున వ్రాసికొని తెచ్చిరి.

మేము ఆ కాగితమును జూచి యొక్క ప్రశ్న మాత్రమే వేసితిమి: "అయ్యా! ఈ లెక్కలో అమ్మాయి యని గాని అబ్బాయి యని గాని వ్రాసిన గడి యేది?" ఆయన కాగితమును రెండు మారులు త్రిప్పి చూచి, కొంతసేపు మాటాడలేదు. పిదప, "పిల్లది లెక్కలలో వానికంటె గట్టిది. ఆ మాట నాకుఁ దెలియకపోలేదు" అని మెల్లగా ననిరి.

ఆ బాలిక ఇపుడు ఇంటికి దగ్గఱనున్న కళాశాలలో బి.కాం. మొదటి యేడు చదువుచున్నది. సాయంకాలము రెండు గంటలు ఆడిటు కచ్చేరిలో పద్దులు చూచుచున్నది. ఆ బత్తెముతో బస్సు ఖర్చు మాత్రము వెళ్లుచున్నది. తమ్ముడు వచ్చు నేడు ఏమి చదువవలయునో, ఆ విషయమును గూడ తండ్రి అదే కాగితముమీద లెక్క కట్టుచున్నాడు. వేసవిలో వృత్తివిద్యయు ముగింపుమని మేము ఆ బాలికతోఁ జెప్పితిమి. మూడేండ్లు సాగవలెననియే మా కోరిక. సాగకున్న, చేయి చాచిన నందునట్లు సర్టిఫికెట్టు సిద్ధముగా నుండవలెను.

విద్యార్థులారా! చదువు విలువ డబ్బుతోనే కొలువఁబడునని మేము చెప్పుట లేదు. కాని తలిదండ్రుల చెమటతో వెలకట్టి కొనునపుడు, కొనుచున్న వస్తువేదో, దాని నిజమైన వెల యెంతయో తెలిసికొనుట మీ ధర్మము. లెక్క మొదట కట్టుఁడు, పిదప చేరుఁడు, చేరిన పిదప విడువకుఁడు.